దొరగారి గేజీ పుస్తకం

బస్సు రావులపాలెం సెంటరులో ఆగగానే మాగిన అరటిపళ్ళ వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క సీట్లో కూర్చున్నావిడ కళ్ళు మూసుకుని గాలి పీల్చి, "చక్కెరకేళి అనుకుంటానండి, ఎంత బాగుందో!" అంది. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ నావంక వింతగా చూసింది. అరటిపండంటే నాకు పడదని కాదు, రోజూ తింటాను. కానీ ఈ వాసన ఇలా ఒక్కసారిగా మొహానికి తగిలితే నాకు పండు గుర్తుకు రాదు. ఒక ముసలి పిల్లి నోరు గుర్తుకొస్తుంది. ఆ పిల్లిని ఒళ్ళో పెట్టుకుని, గొంతు పెంచకుండా నన్నొక ప్రశ్న అడిగిన మనిషి గుర్తుకొస్తారు. నేను రావులపాలెం వచ్చింది ఆయన ఇంటికే. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన భార్య సుగుణమ్మ గారు వారం కిందట ఫోన్ చేసి, "భవానీ, మీ బాబాయి గారి సామాన్లు సర్దుతున్నాను. నీదొక పుస్తకం ఉంది, వచ్చి పట్టుకెళ్ళు" అన్నారు. నాకు తెలిసి అక్కడ నా పుస్తకమేదీ లేదు.

ఆయన పేరు ఆశీర్వాదం గారు. కాలువ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. లస్కరు పనేమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గోదావరి నీళ్ళు కాలువల్లో పడ్డాక వాటిని ఆపడానికీ వదలడానికీ అక్కడక్కడా తలుపులుంటాయి. ఆ తలుపులు ఎత్తడం, దించడం, నీళ్ళలో నిలబెట్టిన గేజీ రాయి మీద మట్టం ఎంతుందో మెట్లు దిగి చూసి, పైకొచ్చి రిజిస్టరులో రాయడం లస్కరు పని. ఉదయం ఆరింటికొకసారి, సాయంత్రం ఆరింటికొకసారి. వానైనా, పండగైనా, ఒంట్లో బాగోకపోయినా అంతే. ఆ కాస్త పనిలో ఏముందని అప్పట్లో అనుకునేదాన్ని. అప్పట్లో నేను చాలా వాటి గురించి అలాగే అనుకునేదాన్ని.

నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్ని. అరటి మార్కెట్ వెనక వీధిలో ఆశీర్వాదం గారి ఇంటిని ఆనుకుని ఉన్న రెండు గదుల వాటాలో అద్దెకుండేదాన్ని. మార్కెట్టుకి గెలలు దిగే ఊరు కనుక మా వీధిలో ఏడాది పొడుగునా అదే వాసన. బట్టలకు, మంచంమీద దుప్పటికి, ఆఖరికి తాగే నీళ్ళకు కూడా పట్టేసి ఉండేది. మొదటి వారం తల తిరిగింది. నెల తిరిగేసరికి ఆ వాసనొకటి ఉందన్న సంగతే మరిచిపోయాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా తప్పంతా ఇందులోనే ఉంది.

ఒకరోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వస్తుంటే ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. చేతిలో ఒక ప్లాస్టిక్ గిన్నె.

"అమ్మా, నువ్వు ల్యాబులో చేస్తావట కదా. ఒక్క మాట అడుగుతాను. పిల్లి ఇన్నేసి నీళ్ళు తాగితే ఏంటమ్మా అర్థం?"

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. గిన్నె నా చేతికిచ్చారు. దాని లోపలి గోడ మీద పైనుంచి కిందికి సన్నని గీతలు, ఒక్కోదాని పక్కన ఒక్కో అంకె. అచ్చం గేజీ రాయిలాగే పెట్టుకున్నారు. "వారం కిందటిదాకా రోజుకి రెండు గీతలు దిగేది. మొన్న నాలుగు. నిన్న ఐదున్నర. తిండి కూడా ఆబగా తింటన్నాడు. మనిషేమో చిక్కిపోతన్నాడు" అన్నారు. మనిషంటే పిల్లే. లాకుల క్వార్టర్సులో పుట్టిన బూడిదరంగు గండుపిల్లి. చిన్నప్పుడే లాకు గోడ మీద చేతులు కట్టుకున్నట్టు కూర్చుని వచ్చేపోయే పడవలను తనిఖీ చేసేదట, అందుకని దానికి దొర అని పేరు పెట్టారు. ఇంటికొచ్చినవాళ్ళు దొరగారూ అని పిలిస్తే తప్ప తల తిప్పి చూసేది కాదు.

"షుగరేమోనండి" అన్నాను వేళాకోళంగా. దొర అప్పుడే వసారాలోంచి వచ్చింది. వెనక కాళ్ళు వేళ్ళమీద కాకుండా మడమలదాకా నేలకు ఆనించి, మోకాళ్ళ నొప్పులున్న ముసలాయనలా నడుస్తోంది. నేను వేళాకోళం మానేసి, వంగి దాని కాళ్ళు చూశాను.

పక్క ఊళ్ళోని పశువుల డాక్టరు గారు చిన్న వయసావిడ. రోజంతా గేదెలనూ మేకలనూ చూసే ఆవిడ దొర చెవి నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూసి, షుగరేనని తేల్చారు. అన్నం, పాలు పూర్తిగా మాన్పించి ఉప్పూ కారం లేని ఉడికిన చేపలే పెట్టమన్నారు. రెండు పూటలా పన్నెండేసి గంటల తేడాతో ఇన్సులిన్ పొడవాలన్నారు. మనుషుల మీటరుతోనే చూసుకోవచ్చుగానీ పిల్లి రక్తంలో అది కాస్త తక్కువ చూపిస్తుందని, ఒక్క అంకె కాకుండా రోజురోజుకీ ఎటు నడుస్తోందో గమనించమని చెప్పారు. తర్వాత ఒక చిన్న డబ్బా బల్లమీద పెట్టారు.

"ఇవి కీటోన్ స్ట్రిప్పులండి. ఒంట్లో ఇన్సులిన్ చాలకపోతే చక్కెర వాడుకోవడం కుదరక కొవ్వు కరగడం మొదలవుతుంది. ఆ కరిగినదాంట్లోంచి కీటోన్లనేవి పుడతాయి, అవి రక్తాన్ని పులుపెక్కిస్తాయి. మూత్రంలో ముంచితే ఈ చివర రంగు మారుతుంది. మారకపోతే మంచిదే. వంకాయ రంగుకొచ్చిందంటే ఒక్క పూట కూడా ఆగకూడదు. వాడు తిండి మానేసినా, వాంతి చేసుకున్నా ముందు ఇదే చూడండి. షుగరు అంకె బాగానే ఉంది కదా అని మోసపోకండి. రోజూ చెయ్యగలరా?"

"ఆయ్, ఆరింటికీ ఆరింటికీ కదండీ" అన్నారు ఆశీర్వాదం గారు. "ఉద్యోగం అంతా చేసిందదేనండి."

మర్నాడే ఒక రిజిస్టరు వెలిసింది. లాకుల దగ్గర మిగిలిపోయిన పాత గేజీ పుస్తకం. అందులో అచ్చు వేసిన గడులు: తేదీ, వేళ, ఎగువ మట్టం, దిగువ మట్టం, రిమార్కులు. ఎగువ మట్టం కింద షుగరు, దిగువ మట్టం కింద కీటోన్. మీటరు వాడటం, చెవి అంచున సన్నని నరం పక్కన గుచ్చడం నేనే నేర్పాను. గోరువెచ్చటి నీళ్ళలో పిండిన గుడ్డ చెవికి కాసేపు పెడితే చుక్క సులువుగా వస్తుందని మూడో రోజుకి ఆయనే కనిపెట్టి నాకు నేర్పారు. మూత్రం పట్టడానికి పాత గరిటెకి ఒక కర్ర కట్టారు. దొర పెరట్లో మూల ఇసుకలో కూర్చోగానే వెనక నుంచి నెమ్మదిగా గరిటె జరపడం, దొర తిరిగి చూడటం, ఈయన ఆకాశం వంక చూడటం. ఆ దృశ్యం చూడటానికి నేను ల్యాబుకి ఆలస్యమైన రోజులున్నాయి.

అంకె రాయడానికి ఆయనకొక పద్ధతుంది. మీటరులో చూసి పైకి చదివేవారు: "రెండొందల పది." పక్కనున్నవాళ్ళు, నేనో సుగుణమ్మ గారో, "రెండొందల పది" అని తిరిగి చెప్పాలి. అప్పుడే కలం కాగితం మీద పెట్టేవారు. లాకుల దగ్గర కింద మెట్టు మీదున్న లస్కరు కేకేస్తే పైనున్న లస్కరు మళ్ళీ కేకేసేవాడట. నాకు విసుగొచ్చి ఒకరోజు, "కనిపిస్తూనే ఉంది కదా బాబాయి గారూ, మళ్ళీ అనడమెందుకండీ?" అన్నాను.

"కంటికీ చేతికీ మధ్యలో నోరొకటి ఉండాలమ్మా. కన్ను చూసింది చెయ్యి రాస్తాదని నమ్మకమేంటి? చెయ్యి నిన్నటిది రాసేస్తాది."

ఆ పుస్తకం గొప్పదనం నాకు తెలిసింది ఒక సోమవారం. ఆయన నాలుగు పేజీలు వెనక్కి తిప్పి, సుగుణమ్మ గారి వంక చూడకుండా, "ఆదివారం ఆదివారం సాయంత్రం ఎగువ మట్టం పెరుగుతోందమ్మా భవానీ. ఎక్కడో ఎవరో తూము తెరుస్తున్నారు" అన్నారు. సుగుణమ్మ గారు చేటలో బియ్యం మరీ శ్రద్ధగా ఏరడం మొదలెట్టారు. చివరికి ఉండబట్టలేక, "గుడి నుంచి వచ్చి మనం కూర్చుని తింటుంటే వాడలా చూస్తాడండి. నా గొంతు దిగుద్దేంటి? రెండు ముద్దలు పెరుగన్నం పెట్టాను. చంపేత్తారా ఏంటి?" అని కళ్ళొత్తుకున్నారు. గుడి అంటే మా వీధి చివర లూథరన్ చర్చి. ఆయన కోప్పడలేదు. రిమార్కుల గడిలో "ఆదివారం పెరుగన్నం, రెండు ముద్దలు" అని రాశారు. అలా రాసేసరికి ఆవిడ మళ్ళీ పెట్టలేకపోయారు. తిట్టినా మానేవారు కాదేమో.

మూడు నెలల్లో దొర మళ్ళీ వేళ్ళమీద నడిచింది. దిగువ మట్టం గడిలో పేజీల తరబడి ఒకటే మాట: నిల్, నిల్, నిల్.

నా సంగతి కూడా చెప్పాలి. మా ల్యాబులో ఫ్రిజ్ తలుపుకి ఒక చార్టు అంటించి ఉండేది. రోజూ రెండుసార్లు లోపలి చల్లదనం ఎంతుందో చూసి అందులో రాయాలి. నేను శనివారం సాయంత్రం ఒకే కలంతో వారమంతా రాసేసేదాన్ని. నాలుగు, ఐదు, నాలుగు, నాలుగు. మధ్యలో ఒక మూడు, నమ్మకం కలగడానికి. అందరూ అలాగే చేసేవారు, ఫ్రిజ్ కూడా ఎప్పుడూ బాగానే ఉండేది. అది అబద్ధమని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. పని అనుకునేదాన్ని.

సుగుణమ్మ గారి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్‌కి రాజమండ్రి వెళ్ళి నాలుగు రోజులు ఆవిడ చెల్లెలింట్లో ఉండాల్సి వచ్చింది. ఆశీర్వాదం గారు తాళంచెవి, మీటరు, స్ట్రిప్పుల డబ్బా, గరిటె, పుస్తకం వరసగా నా బల్లమీద పెట్టారు. "లాకు అప్పగించినట్టేనమ్మా" అని నవ్వారు. ఆయన ఉద్యోగం మొత్తంలో చార్జి అలా వేరేవాళ్ళకి ఇచ్చింది చాలా తక్కువసార్లని తర్వాత తెలిసింది.

మొదటి రోజు అన్నీ చేశాను. రెండో రోజు పొద్దున్న దొర ఇసుకలోకి వెళ్ళనంది. నాకు టైమైపోతోంది. చెవి గుచ్చి షుగరు చూశాను, రెండొందలకు లోపే ఉంది. మూడు నెలలుగా నిల్ వస్తున్నది ఇవాళ మాత్రం ఏమొస్తుందని "నిల్" అని రాసేసి పరుగెత్తాను. అంకె తిరిగి చెప్పమనడానికి అక్కడ ఎవరూ లేరు. సాయంత్రమూ అంతే. మూడో రోజు దొర చేప సగం వదిలేసింది. వాళ్ళ మీద బెంగ పెట్టుకుందిలే అనుకున్నాను. నిల్. నాలుగో రోజు పొద్దున్న చేప ముట్టలేదు, మూలకెళ్ళి పడుకుంది. షుగరు కాస్త ఎక్కువే, మరీ భయపడేంత కాదు. తినకపోతే ఇన్సులిన్ సగం డోసే ఇమ్మని డాక్టరు గారు చెప్పారు కనుక సగమే ఇచ్చాను. దాన్ని ఎత్తుకుని సముదాయిస్తున్నప్పుడు నోటి దగ్గర తియ్యటి వాసన గుప్పుమంది. మార్కెట్లో ఇవాళ గెలలు బాగా మాగినట్టున్నాయనుకున్నాను. ఒట్టు, అదే అనుకున్నాను. నిల్ అని రాసి, తాళం వేసి వెళ్ళిపోయాను.

రోగులకు షుగరు ముదిరితే ఊపిరిలో మాగిన పండు వాసన వస్తుందని నేను చదువుకున్నదాన్ని. పరీక్షలో ఆ జవాబుకి మార్కులు కూడా వచ్చాయి.

ఆ సాయంత్రం నేను వచ్చేసరికి వాళ్ళ వాకిట్లో ఆటో దిగుతున్నారు. సుగుణమ్మ గారి కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. ఆవిడ అరుగు మీద కూర్చుని "దొరా" అని పిలిచారు. రాలేదు. ఆశీర్వాదం గారు లోపలికెళ్ళి దాన్ని ఎత్తుకొచ్చారు. మెడ వాల్చేసింది. ఆయన దాని నోటి దగ్గర ముక్కు పెట్టి, చెయ్యి గాలిలోకి చాచి చూశారు.

"మార్కెట్టు వాసనండి" అన్నాను నేను.

"గాలి అటునుంచి రావట్లేదమ్మా. ఇటునుంచే అటు పోతోంది."

ఒళ్ళో ఉండగానే దొర లుంగీ తడిపేసింది. ఆయన ఆ తడికే స్ట్రిప్పు అద్దారు. మేమిద్దరం చూస్తుండగానే ఆ చివర గులాబీ అయి, ఊదా అయి, వంకాయ రంగు తిరిగింది. ఆయన పుస్తకం తెరిచారు. ఆఖరి మూడు రోజుల గడుల్లో నా నిల్‌లు, ఒకటే తీరుగా, ఒకటే వంపుతో. తలెత్తి నావంక చూశారు.

"చూసి రాశావా అమ్మా, అనుకుని రాశావా?"

"చూసే రాశానండి."

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని, దొరను తువ్వాల్లో చుట్టి, అదే ఆటో ఎక్కారు. నేనూ ఎక్కాను. ఇంటి దగ్గర ఉండిపోవడానికి ధైర్యం చాలలేదు.

కాలువ గట్టు మీద వెళుతుంటే ఆయన నీళ్ళ వంక చూస్తూ చెప్పడం మొదలెట్టారు, నాకని కాదు, దొర తల నిమురుతూ. "ఒక వానాకాలం నాకు జొరం వచ్చింది. ముసురు. సాయంత్రం మెట్లు దిగబుద్ధి కాలేదు. పొద్దుటి మట్టమే సాయంత్రం గడిలో రాసేశాను. పైన కాలువ నిండుతోందని ఆఫీసుకి తెలిస్తే మిగులు నీళ్ళు వదిలేవోరు. నా అంకె చూసి వదల్లేదు. తెల్లారేసరికి గట్టుకి గండి పడిపోయింది. అప్పుడే నాట్లేసి ఊడ్చిన చేలు మునిగిపోయాయి, ఎన్నో కుటుంబాలవి. ఎంక్వైరీలో అడిగారు, చూసి రాశావా అని. చూసే రాశానండీ అన్నాను. అయితే తలుపు దగ్గరోడిదే తప్పని మా సత్యానందాన్ని దూరం బదిలీ చేసేశారు. నాతో కలిసి పనిచేసినోడు. నా అంకెలకు ఎదురు కేకేసేవోడు."

"ఆయనకి చెప్పారా బాబాయి గారూ?"

"చెప్పానమ్మా. మనిషున్నప్పుడు కాదు."

ఆసుపత్రి దాకా ఆటో చప్పుడులోనూ దొర ఊపిరి నాకు వినిపిస్తూనే ఉంది, లోతుగా, వేగంగా. ఆయన నన్ను మళ్ళీ అడిగి ఉంటే, గట్టిగా కసిరి ఉంటే నాకు కోపమొచ్చేది, ఆ కోపంతో నా అబద్ధాన్ని పట్టుకుని వేళ్ళాడేదాన్ని. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

డాక్టరు గారు దొరను చూసి, పుస్తకం తిరగేసి, నుదురు చిట్లించారు. "పొద్దున ఆరింటికి నిల్ అని ఉంది. సాయంత్రానికి ఇంత రంగు ఎలా వస్తుందండీ? డబ్బాలోకి చెమ్మ వెళ్ళి స్ట్రిప్పులు పాడయ్యాయేమో. షుగరు కూడా మరీ ఎక్కువ లేదు. ఇప్పటికి చర్మం కింద సెలైను ఇచ్చి పంపిస్తాను, పొద్దున్నే కొత్త డబ్బాతో మళ్ళీ చూద్దాం."

ఆశీర్వాదం గారు నావంక చూడలేదు. దొర చెవినే నిమురుతున్నారు, రోజూ గుచ్చే ఆ చెవిని. పొద్దుటిదాకా అంటే దొర ఉండదని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆయన ఒక్క మాట చెబితే చాలు, కానీ ఆ మాట చెప్పాల్సింది ఎవరో కూడా ఆయనకు తెలుసు.

"స్ట్రిప్పులు బాగానే ఉన్నాయండి" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు, మళ్ళీ అన్నాను. "స్ట్రిప్పులు బాగున్నాయండి. నేనే చూడలేదు. రెండో రోజు నుంచి ఒక్కసారి కూడా చూడలేదు. అనుకుని రాశాను. నిన్నటి నుంచి తిండి కూడా సరిగా తినలేదు. పొద్దున్న నోట్లోంచి వాసన కూడా వచ్చింది."

డాక్టరు గారు నన్ను ఒక చూపు చూశారు. అప్పటికే దొర ముందుకాలి మీద బొచ్చు గీస్తున్నారు. నరంలోకి సెలైను ఎక్కించి, ఇన్సులిన్ కొంచెం కొంచెంగా ఇస్తూ, రక్తంలో పొటాషియం చూసుకుంటూ మూడు రోజులు అక్కడే ఉంచారు. లోపలెక్కడో ఇన్‌ఫెక్షన్ వచ్చిందట, దాంతో మొదలైందట. రెండో రోజే స్ట్రిప్పు ముంచి ఉంటే రంగు లేత గులాబీలోనే దొరికిపోయేది. ఆ మూడు రోజులూ నేను ల్యాబుకి సెలవు పెట్టి ఆ బల్ల పక్కనే కూర్చున్నాను. గంట గంటకీ డాక్టరు గారు అంకె చదివితే ఆశీర్వాదం గారు తిరిగి చెప్పేవారు, నేను రాసేదాన్ని. నాలుగో రోజు పొద్దున్న దొర తల ఎత్తి, సుగుణమ్మ గారు పంపిన చేపముక్కను వాసన చూసి, మొహం తిప్పుకుని, మళ్ళీ ఇటు తిరిగి తినేసింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఇంటికొచ్చాక ఆయన పుస్తకం నా ముందు పెట్టారు. నా నిల్‌లు కొట్టేసి సంతకం పెట్టమంటారనుకున్నాను.

"పైన ఒక గీత గియ్యి. పక్కన 'చూడలేదు' అని రాయి."

"అలా రాస్తే అసహ్యంగా ఉంటుందేమోనండి."

"చూడలేదు అనేది కూడా మట్టమేనమ్మా. అది చదివినోడు పరిగెత్తుకెళ్ళి చూస్తాడు. నిల్ అని చదివినోడు దుప్పటి కప్పుకుని పడుకుంటాడు." మళ్ళీ ఆయనే, "నాకామాట అప్పుడు తెలిస్తే ఎంత బాగుండేది" అన్నారు. నన్ను క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు. తర్వాతి నెల మేనల్లుడి పెళ్ళికి వెళుతూ తాళంచెవి, మీటరు, గరిటె, పుస్తకం మళ్ళీ వరసగా నా బల్లమీదే పెట్టారు. నాకది చాలు.

దొర ఇంటికొచ్చిన ఆ వారమే, శనివారం నాడు నేను ఫ్రిజ్ చార్టు దగ్గర నిలబడి, ఖాళీ గడులన్నిట్లో "చూడలేదు" అని రాశాను. మా ఇన్‌చార్జి పిలిచి చెడామడా తిట్టాడు. అవి చించేసి కొత్తది రాయమన్నాడు. రాయనన్నాను. తర్వాత రోజూ రెండుసార్లు తలుపు తీసి చూడటం మొదలెట్టాను. రెండో వారంలో ఒక పొద్దున్న లోపల పదకొండు డిగ్రీలు చూపించింది, ఎనిమిది దాటితే పరీక్షలకు వాడే మందులు పాడవుతాయి. అంతకుముందు ఎన్ని శనివారాలు నేను ఆ పదకొండు మీద నాలుగు రాశానో దేవుడికే తెలియాలి. ఇప్పుడు రాజమండ్రిలో ఒక పెద్ద ల్యాబుకి నేనే ఇన్‌చార్జిని. మా దగ్గర మిషన్ చూపించిన అంకెను ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు తిరిగి చెప్పాలి. కొత్తగా చేరినవాళ్ళు నా వెనక నవ్వుకుంటారని నాకు తెలుసు. నవ్వుకోనీ, నేనూ నవ్వినదాన్నే.

దొర ఆ తర్వాత రెండేళ్ళకు పైగానే బతికింది. అప్పటికి నేను రాజమండ్రి వచ్చేశాను. మూత్రపిండాలు పాడయ్యాయని, వయసు అయిపోయిందని ఆయనే ఫోన్‌లో చెప్పారు. పోయినప్పుడు కూడా, "మొన్న పోయాడమ్మా. గట్టు పక్కన పెట్టాం" అని మామూలుగానే అన్నారు. మనిషి గట్టివాడు, తట్టుకున్నాడని అనుకున్నాను.

ఇవాళ సుగుణమ్మ గారు నా చేతిలో పెట్టింది ఆ గేజీ పుస్తకమే. అట్ట మీద ఆయన అక్షరాలతో "భవానికి" అని ఉంది. "ఆఖరి రోజుల్లో ఎవర్నీ ముట్టుకోనిచ్చేవోరు కాదు" అన్నారావిడ. తిరుగు బస్సు కోసం సెంటరులో నిలబడి చివరి పేజీ తెరిచాను. ఇక సూదులు గుచ్చకండి, వాణ్ణి ప్రశాంతంగా ఉండనివ్వండి అని డాక్టరు గారు చెప్పినట్టు ఒక రిమార్కు ఉంది. అయినా ఆయన గడులు వదలలేదు. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు, ఐదు రోజులు, పది వరసలు. ఎగువ మట్టం, దిగువ మట్టం రెండూ కలిపి అడ్డంగా, ప్రతి వరసలోనూ ఒకటే రాశారు.

"చూడలేదు. ఒళ్ళో ఉన్నాడు."

"చూడలేదు. ఒళ్ళో ఉన్నాడు."

చుట్టూ జనం, హారన్లు, గెలలు దించే కేకలు. ఆ పది వరసలూ నేను పైకి చదివాను, ఒక్కొక్కటే, ఆయన చదివితే నేను తిరిగి చెబుతున్నట్టు. పుస్తకం మూసేసరికి మళ్ళీ ఆ వాసన మొహానికి కొట్టింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. చెయ్యి చాచి చూశాను. గాలి మార్కెట్టు వైపు నుంచే వస్తోంది.